తెర మీది అమ్మ గుండె

మా అమ్మ గుండెను నేను మొదటిసారి చూసింది మా బడి సైన్సు గదిలో.

అప్పటివరకు గుండె అంటే నాకు పాఠంలో సగం ఎరుపు, సగం నీలం వేసిన బొమ్మ. తెర మీద అది వేరుగా ఉంది. ఒక పచ్చని గీత చేపపిల్ల ఎగిరినట్టు చటుక్కున లేచి, పడి, కాస్త నిదానంగా సాగి, మళ్లీ లేస్తోంది. "అదే మీ అమ్మ" అన్నారు వసుమతి గారు. ఆ సమయానికి అమ్మ ఊరి చివర రొయ్యల షెడ్డులో ఐసు నీళ్లలో చేతులు పెట్టి రొయ్యలు వలుస్తూ ఉంటుంది. ఇక్కడ నా కళ్ల ముందు ఇలా ఎగురుతున్నానని తనకు తెలియదు. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండూ పైకి కనిపించనివ్వలేదు. నాకది అలవాటే.

వసుమతి గారు విశాఖపట్నంలో గుండె జబ్బుల మీద పరిశోధన చేస్తారు. ఆవిడ మా తాటిమెరక రావడానికి కారణం మా ఊరి చావులు. కొన్నేళ్లుగా షెడ్డులో పనిచేసే ఆడవాళ్లు, ఇంకా జుట్టయినా నెరవనివాళ్లు, ఉన్నట్టుండి పోతున్నారు. ప్రతిసారీ ఊళ్లో గ్యాసు అనే అనుకున్నారు. మగవాడు ఛాతీ పట్టుకుంటే ఆటో ఎక్కించి పరుగెత్తేవాళ్లే, ఆడమనిషి దవడ లాగుతోందనో, వీపు మధ్య బరువుగా ఉందనో, వికారంగా ఉందనో అంటే సోడా తాగించి పడుకోబెట్టేవాళ్లు.

ఆవిడ మాకు పాఠం బోర్డు మీద చెప్పలేదు. బడి వెనక పంటకాలువ గట్టు మీదికి తీసుకెళ్లి, కాలువ నిండా నీళ్లుంటే ఆ చివరి చేను ఎందుకు ఎండిందని అడిగారు. చేలోకి నీళ్లెళ్లే బోదె పూడిపోయిందండీ అని పిల్లలందరూ అరిచారు. నేను మనసులో అన్నాను. మగవాళ్ల గుండెలో ఎక్కువగా పెద్ద కాలువలోనే అడ్డం పడుతుందని, ఆడవాళ్లలో చాలామందికి సన్నని బోదెలు బిగుసుకుపోతాయని, పెద్ద కాలువను మాత్రమే చూసే పరీక్షకు అది అందదని అక్కడే చెప్పారు. ఆవిడ కనిపెట్టిన చిన్న యంత్రం, చూడ్డానికి నల్లని పూసలా ఉంటుంది, ఒంటి మీద పెట్టుకుంటే ఆ బోదెల చప్పుడు వింటుంది. చేను ఎండకముందే, నెలల ముందే, తెర మీది గీత పచ్చ నుంచి పసుపుకు, పసుపు నుంచి ఎరుపుకు తిరుగుతుంది. అప్పుడే మందులు మొదలుపెట్టి, ఉప్పు తగ్గించి, బీపీని అదుపులో పెట్టుకుంటే చేను బతుకుతుంది.

ఆ పూసను ఎక్కడ పెట్టాలన్నదే చిక్కు. షెడ్డులో గడియారాలు, గాజులు, ఉంగరాలు పెట్టుకోనివ్వరు. ఈ ఊళ్లో పెళ్లయిన ఆడవాళ్లు ఎప్పుడూ తీయనిది ఏదైనా ఉందా అని వసుమతి గారు అడిగితే, ఆడవాళ్లు ఒకరినొకరు చూసుకుని నవ్వి మెడలో నల్లపూసలు తడుముకున్నారు. అలా గుండెపూస నల్లపూసల్లో చేరింది. గుండెకు దగ్గరగా ఉంటుంది, షెడ్డులో వేసుకునే కోటు లోపల దాగుతుంది, ఎవరూ తీయరు. ఆవిడ అలా అనుకున్నారు.

పూసలు పంచిన రోజు మా పక్కింటి సత్తెమ్మ మామ్మ కూడా వరసలో నిలబడింది. ఆమె భర్త పోయి చాలా కాలమైంది. మెడలో ఏమీ లేదు. ఆమె వంతు వచ్చేసరికి వసుమతి గారు తడబడ్డారు.

"అయితే మొగుడు పోయినోళ్లకి గుండె కూడా పోద్దేటమ్మా, డాక్టరమ్మా?" అంది మామ్మ.

అందరూ పగలబడి నవ్వారు. వసుమతి గారి ముఖం ఎర్రబడింది. తర్వాతి విడతలో తప్పకుండా ఇస్తానన్నారు. ఆ విడత రాలేదు. ఆ రోజు మరో మాట కూడా ఇచ్చారు. ఆ మాట నాకు ఇప్పటికీ ఆవిడ గొంతుతోనే వినిపిస్తుంది.

"ఈ పూస మీరెక్కడున్నారో చెప్పదు. ఎలా ఉన్నారో మాత్రమే చెబుతుంది. అది మీకూ నాకూ తప్ప మూడో మనిషికి తెలియదు."

బడిలో తెరను కనిపెట్టుకుని ఉండే పని నాకిచ్చారు. గీతలకు పేర్లుండవు, గుర్తులే ఉంటాయి. ఏదైనా గీత రంగు మారితే వసుమతి గారికి చెప్పాలి, అంతే. నన్నే ఎందుకు ఎంచుకున్నారని సైన్సు టీచరును అడిగితే, "నువ్వు ఎవరితోనూ మాట్లాడవు కదా" అన్నారు. నాకు తెలిసిన గుర్తు ఒక్కటే, అమ్మది. ప్రార్థనకు ముందు వెళ్లి దాన్ని చూసేదాన్ని. సాయంత్రం డైరీలో అమ్మ గుండె ఇవాళ ఎలా ఉందో రాసుకునేదాన్ని. ఒకరోజు అది కాస్త పసుపు తిరిగితే వసుమతి గారు అమ్మను పిలిచి అడిగారు. నేను కడుపులో ఉన్నప్పుడు అమ్మకు బీపీ వచ్చి కాళ్లు, ముఖం వాచాయట. అలాంటివాళ్లు కాన్పుతో అది తీరిపోయిందనుకోకుండా జీవితాంతం గుండెను చూసుకోవాలని చెప్పి మాత్రలు రాసిచ్చారు. దారిలో అమ్మ నా నెత్తిన మొట్టి, "చూసేవా, నీ మూలంగానే" అని నవ్వింది.

తర్వాత ఎరుపు తిరిగిన గీతలు వచ్చాయి. అవి బుల్లెమ్మత్తది, ఇంకా ఒకరిద్దరివి అని వాళ్లను పిలిచాకే తెలిసింది. వాళ్లను వసుమతి గారు ఆసుపత్రికి పంపారు. వాళ్లు తిరిగొచ్చి పనికి వెళితే షెడ్డు మేస్త్రి రాంపండు గేటు దగ్గరే ఆపేశాడు. ఇంటికాడ సుబ్బరంగా రెస్టు తీసుకోండి, షెడ్డులో పోతే మాకు తలనొప్పి అన్నాడట. బుల్లెమ్మత్త గొడవపెట్టుకోవడానికి మేస్త్రి గదిలోకి వెళ్లింది. అక్కడ గోడకు మా బడిలో ఉన్నలాంటి తెరే ఉంది. పక్కన గుర్తులకు పేర్లు కూడా రాసి ఉన్నాయి.

ఈ సంగతి అమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతూ చెప్పింది. తల ఎత్తలేదు. నేను మర్నాడు వసుమతి గారిని అడిగాను. ఆవిడను నేనై నేను ఏదైనా అడగడం అదే మొదలు. పూసల చప్పుడు అందుకునే యాంటెనాకు చోటు, కరెంటు షెడ్డువాళ్లే ఇచ్చారని, ఎవరికి బాగోలేదో తెలిస్తే తేలిక పని ఇస్తామన్నారని, అందుకే తెర పెట్టనిచ్చానని చెప్పారు. "నీలా, వాళ్లతో మళ్లీ మాట్లాడతాను" అన్నారు. నేను నమ్మాను. ఆవిడ కూడా అదే నమ్మారేమో.

ఆ వారంలోనే నాకు జ్వరం వచ్చి తగ్గింది. అమ్మ నన్ను ముందు కూర్చోబెట్టుకుని తల దువ్వి, మెడలో నల్లదారం కట్టింది. దానికి గోరంత నల్లగుడ్డ మూట. అందులో దిష్టిపూస ఉందని, విప్పి చూస్తే పనిచేయదని చెప్పింది. అందరి కళ్లూ నా మీదే ఉన్నాయట. క్లాసులో నేను ఉన్నానో లేనో ఎవరికీ తెలియదు. అయినా అమ్మ అలా అన్నందుకు సంతోషం వేసింది. ముడి వేస్తున్నప్పుడు ఆమె వేళ్లు చల్లగా మెడకు తగిలాయి. స్నానానికి కూడా ఆ దారం తీయకూడదని నాతో ఒట్టు వేయించుకుంది.

ఆ తర్వాత తెర మీద గీతలు ఒక్కొక్కటే బాగుపడ్డాయి. పసుపు తిరిగినవన్నీ పచ్చబడ్డాయి. వసుమతి గారు పట్టరాని సంతోషంతో సైన్సు గదిలో అటూ ఇటూ తిరిగారు. మేము ఊళ్లో గోడలకు అంటించిన బొమ్మలు, ఎండుచేపల్లో ఉప్పు గురించి, ఊరగాయ గురించి, కట్టెల పొగ గురించి చెప్పిన మాటలు, బీపీ మాత్రలు, అన్నీ పనిచేస్తున్నాయన్నారు. ఇక కోస్తా పొడుగునా ప్రతి షెడ్డుకూ పూసలు వెళ్తాయన్నారు. అన్నింటిలోకీ అమ్మ గీతే అందంగా ఉందని నాకనిపించేది. కొత్త చిగురులా ఉండేది.

ఇంట్లో అమ్మ అలా ఉండేది కాదు. రుబ్బుతూ రుబ్బుతూ మధ్యలో ఆపి గోడకు ఆనుకునేది. బిందె ఎత్తి గడప దాటేసరికి ఆయాసపడేది. పన్ను నొప్పని దవడలో లవంగం పెట్టుకునేది. నాన్న రొయ్యల చెరువుల కాపలాకు గట్టు మీదే ఉంటాడు, అన్నానికి వచ్చినప్పుడు అమ్మ వడ్డించడం చూస్తాడు తప్ప కూలబడడం చూడడు. ఆసుపత్రికి వెళ్దామా అని నేను అడిగితే అమ్మే ఎదురు అడిగేది.

"నా గుండె ఎలాగుందే ఇయ్యాళ?"

"బాగుందమ్మా. నేను చూశాను."

"మరింకేటి. పన్నే ఇది."

* * *

పట్నం నుంచి పెద్దవాళ్లు వస్తున్నారని, వాళ్ల ముందు నేనే మాట్లాడాలని వసుమతి గారు చెప్పినప్పుడు తల అడ్డంగా ఊపాను. ఒక్క ముక్క చాలు, ఇది మా అమ్మ గుండె అని చెప్పి ఆ గీత చూపించు అన్నారు.

ఆ రోజు హాల్లో పెద్ద తెర కట్టారు. అమ్మ గీత ఒక్కటే వేశారు. నేను దానికి వీపు పెట్టి నిలబడ్డాను. ఎదురుగా కుర్చీల నిండా జనం. "ఇది మా అమ్మ..." అన్నాను. చెవుల్లో దడదడమని కొట్టుకుంటోంది. ముందు వరసలో గుసగుసలు మొదలయ్యాయి. వాళ్లు నన్ను చూడడం లేదు, నా వెనక చూస్తున్నారు. నేనూ తిరిగి చూశాను. అమ్మ గీత పిచ్చిపట్టినట్టు ఎగురుతోంది.

వసుమతి గారు పక్కనున్న టీచరుతో షెడ్డుకు ఫోన్ చేయమంటున్నారు. నాకు భయం వేసినప్పుడు ఎలా ఊపిరి తీసుకోవాలో ఆవిడే ఒకసారి నేర్పారు. అలా నెమ్మదిగా పీల్చి వదిలాను. గీత నెమ్మదించింది. ఇంకోసారి వదిలాను. ఇంకా నెమ్మదించింది. నా చెయ్యి దానంతటదే మెడ దగ్గరికి వెళ్లింది. నల్లగుడ్డ మూటను వేళ్లతో నొక్కాను. తెర మీద గీత వణికింది.

నేను ఇన్నాళ్లూ చూసింది అమ్మను కాదు.

అక్కడే చెప్పేయవచ్చు. చెబితే పూస మార్చిందని మేస్త్రికి తెలుస్తుంది, అమ్మ పని పోతుంది. చెప్పకపోతే అమ్మ గుండెను వినేవాళ్లే లేరు. దవడలో లవంగం గుర్తొచ్చింది. నేను ఏమీ చెప్పకుండా వేదిక దిగి బయటికి పరుగెత్తాను. నేను పరుగెత్తుతుంటే తెర మీద గీత ఇంకా ఇంకా పైకి ఎగిసిందట. కనకరత్నానికి, అంటే మా అమ్మకు, గుండెపోటు వస్తోంది, అంబులెన్సును షెడ్డుకు పంపండి అని వసుమతి గారు కేకలు పెట్టారట. అది తర్వాత తెలిసింది.

షెడ్డు గేటు దగ్గర రాంపండు ఫోన్ చెవికి పెట్టుకుని ఎవరితోనో విసుక్కుంటున్నాడు. నన్ను చూసి, "ఫోన్లు చేసి చంపేత్తన్నారు. అదుగో, మీ యమ్మ సుబ్బరంగా నిలబడి పనిచేత్తంది, చూసుకో" అన్నాడు.

అమ్మ నిలబడే ఉంది. కానీ నడుమును బల్లకు ఆన్చి నిలబడింది. అంత చలిలో, ఐసు పెట్టెల మధ్య, ముఖమంతా చెమట. పెదాలు తెల్లబడ్డాయి. నేను దగ్గరికి వెళ్లగానే తడి చెయ్యి ఎత్తింది. ఆ చెయ్యి తన ఛాతీ మీదికి వెళ్లలేదు. నా మెడ మీదికి వచ్చింది.

"తీయలేదు కదా?" అంది.

అలా అంటూనే ఒరిగిపోయింది. బయట అంబులెన్సు చప్పుడు వినిపించింది. అది నా గుండె కోసం వచ్చింది. అమ్మను ఎక్కించుకుని వెళ్లింది.

* * *

అమ్మ బతికింది. గుండె కండలో కొంత భాగం ముందే, వారాల కిందటే చచ్చిపోయిందని, ఇంకాస్త ఆలస్యమైతే మిగతాదీ పోయేదని డాక్టరు చెప్పాడు. ఇక బరువులు ఎత్తకూడదు, ఐసులో నిలబడకూడదు. గుండె చచ్చిపోతున్న ఆ వారాల్లోనే నేను బడిలో తెర దగ్గర కూర్చుని బాగుందని రాసుకున్నాను.

అమ్మకు మాట్లాడే ఓపిక వచ్చాక, మంచం పక్కన కూర్చుని ఎందుకు అని మాత్రం అడిగాను.

"నీది మంచి గుండె కదే. పచ్చగా ఉంటదని తెలుసు."

"నేను రోజూ నిన్ను చూస్తున్నాననుకున్నానమ్మా."

అమ్మ పైకప్పు వైపు తిరిగింది. "నువ్వు బడి నించొచ్చి నా గుండె బాగుందని చెప్తా ఉంటే, నాకూ నిజవే అనిపించేదే" అంది.

నేను కోపంగా ఏదో అనాలని వెళ్లాను. ఆ మాటతో కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అలాగని పోనూ లేదు. దిష్టి అని తల దువ్వి కట్టింది. ఒట్టు వేయించుకుంది. ఆ చల్లని వేళ్లు నాకు ఇంకా గుర్తున్నాయి.

వసుమతి గారు ఆసుపత్రికి వచ్చారు. నల్లగుడ్డ మూట విప్పి పూసను నేనే ఆవిడ చేతిలో పెట్టాను. ఆవిడ దాన్ని చూస్తూ నిలబడిపోయారు. ఏడాది పనంతా వృథా అయిందన్నారు. తనను ఇలా మోసం చేస్తారని అనుకోలేదన్నారు. ఆవిడ కళ్లలో నీళ్లు నిజమైనవే.

"ముందు మాట తప్పింది మీరండీ" అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆవిడ పూసను మళ్లీ నా చేతిలోనే పెట్టి వెళ్లిపోయారు.

బడికి తిరిగి వెళ్లిన రోజు ప్రార్థనలో ఎప్పటిలాగే వెనక వరసలో నిలబడ్డాను. నా ముందు నిలబడ్డ మా క్లాసు హేమ జడ పక్కకు జరిగింది. మెడ మీద నల్లదారం. దాని పక్క పిల్ల మెడలో నల్లదారం. ఆ ముందు వరసలో, ఆ పక్క వరసలో కూడా. కొందరు తిరిగినప్పుడు గొంతు దగ్గర గోరంత నల్లమూట కనిపించింది. మా ఊళ్లో ఆడపిల్లలందరికీ ఒకే ఏడు దిష్టి తగిలింది.

తెర మీద బాగుపడిన గీతలన్నీ వీళ్లవే. ఇంత చలాకీ గుండెలు ఐసులో నిలబడే అమ్మలకు ఎక్కడినుంచి వచ్చాయో ఎవరూ అడగలేదు. అందరూ చూడాలనుకున్నదే చూశారు, నాతో సహా.

ప్రార్థన అయ్యాక హేమను సైన్సు గదికి తీసుకెళ్లాను. ఏమీ చెప్పకుండా, మైదానం చుట్టూ పరుగెత్తి రమ్మన్నాను. అది నన్ను వెర్రిదాన్ని చూసినట్టు చూసి పరుగెత్తింది. మిగతా ఆడపిల్లలు తెర దగ్గర నిలబడ్డారు. నిదానంగా సాగే గీతల మధ్య ఒకటి ఎగరడం మొదలుపెట్టింది. హేమ ఆయాసపడుతూ గుమ్మంలోకి వచ్చి, తెర చూసి, గొంతు దగ్గర మూటను పట్టుకుంది.

"మరి మా అమ్మెక్కడుందే ఇందులో?" అంది.

హేమే ముందు దారం తెంపింది. తర్వాత ఒక్కొక్కరూ తెంపారు. నేను అయస్కాంతాలు పెట్టే ఇనుప డబ్బా తెచ్చాను. అందులో వేస్తుంటే తెర మీద ఒక్కొక్క గీతా వంగి, సాగి, తిన్నగా పడుకుంది. చివరికి నా చేతిలోది కూడా వేసి మూత పెట్టాను. తాటిమెరక ఆడవాళ్ల గుండెలన్నీ ఒకేసారి ఆగిపోయాయి. పట్నంలో, మేస్త్రి గదిలో, ఈ తెర ఎక్కడెక్కడ ఉందో అక్కడంతా.

మధ్యాహ్నానికి వసుమతి గారు వచ్చారు. ఆవిడ కన్నా ముందు షెడ్డు నుంచి తల్లులు వచ్చారు. కొందరు కూతుళ్ల వీపు మీద చరిచారు, మా పనులు పోయేలా చేశావని ఒకరిద్దరు నన్ను తిట్టారు. సత్తెమ్మ మామ్మ బడి అరుగు మీద కూర్చుని, కారు దిగిన వసుమతి గారిని చూసి, "ఊరంతా ఒకేసారి పోయిందంట, చూడ్డానికొచ్చావా తల్లీ" అంది. ఎవరూ నవ్వలేదు.

నేను డబ్బాను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఎరుపు వస్తే ఎవరికి చెబుతారని అడిగాను. మీకే అన్నారు వసుమతి గారు. ముందు కూడా అదే అన్నారండీ అన్నాను. ఆవిడ నా వైపు, ఆ తల్లుల వైపు చూసి, మళ్లీ కారెక్కారు. ఇక రారనుకున్నాం. చాలాసేపటికి తిరిగొచ్చారు. కారు వెనక సీట్లో మేస్త్రి గదిలోని తెర ఉంది. గోడ నుంచి ఊడబీకినట్టు మేకులు ఇంకా దానికే ఉన్నాయి. షెడ్డువాళ్లు యాంటెనా తీసేయమన్నారట. దాన్ని బడి మీద పెట్టుకుందామన్నారు. అప్పుడు డబ్బా మూత తీశాను.

తల్లులు పూసలు మళ్లీ తమ మెడలో వేసుకున్నారు. సత్తెమ్మ మామ్మకు ఉత్త దారానికి ఒకటి కట్టారు. తెర నిండా పసుపు, అక్కడక్కడ ఎరుపు. చాన్నాళ్లకు ఆ తెర నిజం చెప్పింది. అది చూడ్డానికి అందంగా లేదు. ఎరుపు వచ్చినవాళ్లను వసుమతి గారు తన కారులోనే ఆసుపత్రికి తిప్పుతున్నారు. వాళ్లలో హేమ వాళ్లమ్మ ఉంది.

అమ్మ ఇంట్లోనే ఉంటోంది. మాత్రలు నేనే ఇస్తాను, మింగేదాకా నిలబడి చూస్తాను. నాలుక ఎత్తమని కూడా అంటాను. అమ్మ ఎత్తుతుంది.

నిన్న నా మెడ బోసిగా ఉందని ఇంకో నల్లదారం తెచ్చింది. దానికి మళ్లీ గోరంత నల్లగుడ్డ మూట. నన్ను ముందు కూర్చోమంది. కూర్చోకముందే ఆ మూటను తీసుకుని, కిటికీ దగ్గరికి వెళ్లి, వేళ్ల మధ్య నలిపి చూశాను. లోపల గట్టిగా ఏమీ తగల్లేదు. బియ్యపు గింజలు, పసుపు, అంతే.

అమ్మ అంతా చూస్తూనే ఉంది.

"ఉత్తదేనే అమ్మా" అంది.

నేను దారం మెడ చుట్టూ తెచ్చుకున్నాను. ముడి వేయడానికి అమ్మ చేతులు ఎత్తింది. నేనే వేసుకున్నాను.